కొలత లేని గౌను

మొన్న బుధవారం ఆధార్ కార్డు జిరాక్స్ తీయించుకుందామని అశోక్‌నగర్‌లో ఒక దుకాణానికి వెళ్లాను. పొద్దున పది దాటాకే ఇల్లు కదులుతాను. అది నాకు పాత అలవాటు, ఎందుకో తర్వాత చెప్తాను. అశోక్‌నగర్ జిరాక్స్ దుకాణాల్లో ఒక్క కాగితం పట్టుకుని వచ్చేవాళ్లంటే చులకన. నా ముందు నిలబడ్డ కోచింగ్ పిల్లలందరి చేతుల్లోనూ ఇటుకల్లాంటి పుస్తకాలు. "జర ఆగుండ్రి మేడం, మిషన్ మీద టెస్ట్ పేపర్లున్నయి, రెండు నిమిషాల్ల అయిపోతయి," అన్నాడు దుకాణం అతను. ఆయన రెండు నిమిషాలు ఎంతసేపుంటాయో నాకు తెలుసు. ఆగాను. ఊరికే ఆగలేక, మిషన్‌లోంచి జారి పడుతున్న కాగితాలను తలకిందులుగా చదవడం మొదలుపెట్టాను. "రాంనగర్‌లో బస్సెక్కిన ఆమె రెండు టికెట్లు తీసుకుంది" అని ఉంది పైన.

ఆ వాక్యం నాది. పద్దెనిమిదేళ్ల కిందట రాశాను. దాని కిందున్న ఐదు ప్రశ్నలూ నావే. పేరు లేదు, ఇలాంటి కాగితాల మీద ఎవరి పేరూ ఉండదు. కాపీ మీద కాపీ ఎన్నిసార్లు తీశారో, అక్షరాలు లావెక్కి సున్నాలు పూడుకుపోయాయి. మూడో ప్రశ్న పక్కన మార్జిన్‌లో ఎవరో పెన్నుతో "తర్వాత ఏమైంది?" అని రాసుకున్నారు. రాసిన మనిషికి ఉద్యోగం వచ్చిందో, విసుగొచ్చి ఊరికి వెళ్లిపోయిందో తెలియదు. ఆ చేతిరాత మాత్రం జిరాక్సుల్లో పడి అచ్చులో కలిసిపోయింది. చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని, అంతమంది పిల్లల మధ్య, నాకు ఒక్కసారిగా కళ్లు చెమ్మగిల్లాయి. దుకాణం అతను అది చూసి, ఆలస్యమైనందుకు ఏడుస్తున్నాననుకున్నాడో ఏమో, స్టూలు తెచ్చి వేశాడు.

ఈ కాగితం సంగతి చెప్పాలంటే ముందు మా పెద్దమ్మ గురించి చెప్పాలి. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. చిక్కడపల్లిలో ఒక సందులో ఉండేది. ఇంటి ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఎమ్మే తెలుగు పూర్తయ్యాక టీచరు పరీక్షలకు చదువుకుంటానని చెప్పి నేను ఆమె ఇంట్లో దిగాను. చదువుకోవడం ఇంట్లోవాళ్లకు చెప్పిన కారణం. అసలు కారణం, నాకు కథలు రాయాలని ఉండేది. అప్పటికే రెండు కథలు అచ్చయ్యాయి. మూడోది అచ్చయితే లోకం నన్ను గుర్తుపడుతుందని గట్టి నమ్మకం. మూడోది అచ్చయిన ఆదివారం పొద్దున్నే సందు చివరిదాకా నడిచి చూశాను. పాలప్యాకెట్ల అతను తప్ప ఎవరూ పలకరించలేదు, ఆయన కూడా చిల్లర అడిగాడు.

పెద్దమ్మ చేతి జాకెట్ అంటే చుట్టుపక్కల మంచి పేరు. నారాయణగూడ నుంచి, రాంనగర్ నుంచి కూడా వచ్చి ఇచ్చి వెళ్లేవాళ్లు. అయితే ఆమె గేటుకు ఒక అట్టముక్క వేలాడుతూ ఉండేది. దాని మీద "కొలతలు పది తర్వాతే" అని రాసి ఉండేది. పెళ్లి ముహూర్తం నెత్తి మీదికి వచ్చినవాళ్లు వచ్చి గేటు కొట్టినా, బతిమాలినా, అలిగినా, పదికి ముందు పెద్దమ్మ టేపు ముట్టేది కాదు. పదింటిదాకా ఆమె చిన్నపిల్లల గౌన్లు కుట్టేది. ఎవరూ అడిగినవి కావు, ఎవరి కొలతలకూ కుట్టినవి కావు. మిగిలిన పట్టు అంచులూ, తాను కొనుక్కున్న పూల చీటీ బట్టా ముందేసుకుని, కాసేపు చూసి, మనసుకు తోచినట్టు కత్తిరించేది. ఒకదానికి జేబు వీపు మీద ఉండేది. మరొకదానికి కుచ్చిళ్లు ఎంత ఉండేవంటే, ఇద్దరు పిల్లలు దూరినా ఇంకా చోటు మిగిలేది.

గౌను పూర్తయ్యాక అసలు తమాషా మొదలయ్యేది. కుట్టేటప్పుడు కొలత చూడలేదు కదా, ఇప్పుడు ఆ గౌనుకు సరిపోయే పిల్ల దొరకాలి. సాయంత్రం బడి వదిలే వేళకు పెద్దమ్మ గేటు దగ్గర నిలబడి, వచ్చే పోయే ఆడపిల్లల భుజాలు కళ్లతోనే కొలిచేది. సరిపోతుందనిపించిన పిల్లను ఆపి, వాళ్లమ్మను పిలిచి, గౌను చేతిలో పెట్టేది. పైసలు తీసుకునేది కాదు. కొత్తగా సందులోకి వచ్చిన తల్లులు భయపడేవాళ్లు, పాతవాళ్లు వాళ్లకు నచ్చజెప్పేవాళ్లు. ఒక ఆకుపచ్చ గౌను మాత్రం ఎవరికీ సరిపోక ఆరు నెలలు మేకుకే ఉండిపోయింది. "పుట్టింది లే పిల్ల, వస్తది," అనేది పెద్దమ్మ, రైలు కాస్త లేటని చెప్పినంత మామూలుగా.

నాకు ఇదంతా పిచ్చితనంగా కనిపించేది. ఇంత పనితనం ఉంది, నారాయణగూడ బట్టల దుకాణంలో ఇస్తే అమ్ముతారు కదా అని నస పెట్టి, చివరికి నేనే ఒక గౌను పట్టుకెళ్లి చూపించాను. దుకాణదారు ముచ్చటపడ్డాడు. సైజుల వారీగా నెలకు ఇన్ని కావాలని చీటీ రాసిచ్చాడు. పెద్దమ్మ నా ముఖం చూసి కాదనలేక ఒక నెల కుట్టింది. ఆ నెలంతా ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైంది, కత్తెర కనపడకపోతే నా మీద అరిచింది, పిలవని పిల్లి మీద కూడా అరిచింది. నెల తిరగ్గానే చీటీ మడిచి నాకిచ్చేసింది. "సైజు రాసినంక ఇది గౌను కాదు బిడ్డా, ఇదీ జాకెట్టే. జాకెట్లు నాకు చాలినన్ని ఉన్నయి," అంది. జాకెట్లంటే చిన్నచూపేమో అని అడిగాను. "ఎందుకు చిన్నచూపు? జాకెట్ల పైసలతోనే గదా గౌను బట్ట కొంటున్న. కని పొద్దున ఇంత సేపు నాది నాకు లేకపోతే, పొద్దుమీకేసరికి నేను మనిషిలెక్క ఉండ," అంది. నవ్వేశాను. నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు చాలా సంగతులు అర్థమైపోయాయనుకునేదాన్ని.

ఇంటి నుంచి పైసలు రావడం ఆగిపోయిన ఏడాది నేను కోచింగ్ సెంటర్‌కు పనిచేయడం మొదలుపెట్టాను. అశోక్‌నగర్‌లో నాలుగంతస్తుల మేడ, మెట్ల నిండా చెప్పులు. అక్కడ తెలుగు పేపరుకు మెటీరియల్ రాయాలి. బిట్లు, వ్యాకరణం, ఇంకా అపరిచిత గద్యాలు. అపరిచిత గద్యమంటే పిల్లలు ముందెప్పుడూ చదవని పది పన్నెండు వాక్యాలు, కింద ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. నీటి పొదుపు, చేనేత, గ్రంథాలయాల ఉపయోగం, ఇలా ఏదైనా సరే పన్నెండు వాక్యాల్లో ఒదిగిపోవాలి. పని బాగా చేశాను. బాగా చేసినకొద్దీ ఎక్కువ ఇచ్చారు. మొదట మధ్యాహ్నాలు పోయాయి, తర్వాత పొద్దునలు కూడా. నా కథల నోటుపుస్తకం బియ్యం డబ్బా మీద దుమ్ము పట్టింది. అందులో ఒక కథ మొదలుపెట్టి వదిలేసి ఉంది. రాంనగర్‌లో బస్సెక్కిన ఒకామె రెండు టికెట్లు తీసుకుంటుంది. పక్క సీటు ఖాళీగా ఉంచుకుంటుంది. ఎవరైనా కూర్చోబోతే "వస్తున్నరు" అంటుంది. స్టాపులు దాటుతుంటాయి, ఎవరూ రారు. ఎవరి కోసమో నాకూ తెలియదు. అక్కడే ఆగిపోయాను.

సెంటర్ నడిపే సారు ఒక శుక్రవారం పిలిచి, "నువ్వు పర్మనెంట్‌గ వచ్చెయ్యమ్మా. పొద్దున ఎనిమిదికి రావాలె, రాత్రి ఎనిమిదికి పోవాలె. మంచి జీతమిస్త. కథలూ గితలూ మాత్రం బంద్ పెట్టు, దిమాగ్ రెండు దిక్కులు పోతది," అన్నాడు. సోమవారంకల్లా చెప్పమన్నాడు. చెడ్డవాడు కాదు, నా మంచి కోరే చెప్పాడు. జీతం విని నాకు ధైర్యం వచ్చింది. పెద్దమ్మ ఇంట్లో తిండి తిని కూర్చుంటున్నానన్న సిగ్గు ఆ ఒక్క మాటతో తీరిపోతుందనిపించింది. వెళ్లాలని నిశ్చయించుకున్నాను. పెద్దమ్మతో చెప్పాను. "నీ ఇష్టం బిడ్డా," అని ఊరుకుంది. ఆమె ఏమైనా అంటుందని ఎదురుచూశాను. ఏమీ అనకపోయేసరికి ఇంకా బాధేసింది.

ఆదివారం పరీక్షకు ఒక గద్యం తక్కువైంది, శనివారమే ఇవ్వాలి. ఎలాగూ ఇక పూర్తి చేసేది లేదు కదా, బట్ట వృథా పోవడం ఎందుకన్నట్టు, నోటుపుస్తకంలోంచి ఆ బస్సు కథ మొదటి పన్నెండు వాక్యాలు దింపేశాను. కింద ప్రశ్నలు రాశాను. మూడో ప్రశ్న, "ఆమె పక్క సీటు ఎవరి కోసం ఉంచింది?" భర్త, కొడుకు, స్నేహితురాలు అని మూడు జవాబులు రాసి, నాలుగోది తోచక అందరిలాగే "పైవేవీ కావు" అని రాశాను. ప్రశ్న రాసేవాళ్లు చేయకూడని తప్పు చేశాను. జవాబు లేని ప్రశ్న పెట్టాను. కథ రాస్తున్నప్పుడు కూడా నాకు జవాబు తెలియదన్న సంగతే మరిచాను.

ఆదివారం సాయంత్రానికి సెంటర్ అట్టుడికిపోయింది. పరీక్ష రాసిన పిల్లలు మూడో ప్రశ్న దగ్గర రెండుగా చీలి కొట్లాడుకున్నారట. సారు ఫోన్ చేశాడు. "ఏందమ్మా ఇది, కీ ఇచ్చుడు మరిచినవా? మూడోదానికి ఆన్సర్ ఏంది?" అన్నాడు. నాకు అబద్ధం తోచలేదు. "నాకూ తెల్వదు సార్. కథ ఇంకా రాయలే," అన్నాను. "రేపు పొద్దున వచ్చి మాట్లాడు," అని పెట్టేశాడు.

సోమవారం పొద్దున ఏడున్నరకు నేను చీర పిన్ను పెట్టుకుంటుండగా గేటు చప్పుడైంది. ముందు గది కిటికీలోంచి చూస్తే ఆరేడుగురు పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదివేవాళ్లు. చేతుల్లో నా గద్యం. నా అడ్రసు సెంటర్ అటెండరును అడిగి కనుక్కున్నారట. కొట్లాటకు వచ్చారనుకున్నాను. అప్పటికే పెద్దమ్మ గౌను బట్ట ముందేసుకుని కూర్చుంది. లేచి గేటు దగ్గరకు వెళ్లింది.

"ఏం గావాలె బిడ్డా?" అంది.

"మేడంతోని మాట్లాడాలె అమ్మా," అంది ముందున్న అమ్మాయి. "మార్కుల కోసం కాదు. ఆ బస్సుల ఆమె ఎవరి కోసం సీటు పట్టిందో అడుగుదామని వచ్చినం. నిద్ర పట్టలే మాకు."

పెద్దమ్మ ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. పిన్ను చేతిలో పట్టుకుని ఉన్నాను. మళ్లీ పిల్లల వైపు తిరిగి, పెళ్లివాళ్లకు చెప్పే గొంతుతోనే, "మేడం పనిలున్నది. పది తర్వాత రండ్రి," అని అట్టముక్క చూపించింది.

పిల్లలు వెళ్లిపోయారు. పెద్దమ్మ వచ్చి మిషను ముందు కూర్చుంది. నేను చీర మార్చుకుని, బియ్యం డబ్బా మీద నోటుపుస్తకం దులిపి, ఆమె పక్కనే చాప మీద కూర్చున్నాను. మిషను చప్పుడులో రాయడం అదే మొదలు. బస్సులో ఆమె ఎవరి కోసం చూస్తోందో ఆ రోజే తెలిసింది. ఎవరి కోసమూ కాదు. రోజంతా నాలుగిళ్లలో పనిచేసి, తిరిగి వెళ్లే ఆ అరగంట కిటికీ పక్కన తన పాటికి తాను కూర్చోవడానికి, కూలిలోంచి ఇంకో టికెట్ కొనుక్కుంటుంది. పైవేవీ కావు. తోచక రాసిన నాలుగో జవాబే సరైంది. పది కొట్టేసరికి కథ పూర్తయింది. పది గంటల ఐదు నిమిషాలకు పిల్లలు మళ్లీ వచ్చారు. గేటు దగ్గరే నిలబడి చదివి వినిపించాను. భర్త అని రాసినవాళ్లు కాస్త గొణిగారు. ముందున్న అమ్మాయి మాత్రం కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

తర్వాత సారు దగ్గరకు వెళ్లాను. "కీ తెచ్చిన సార్, నాలుగు," అన్నాను. "పనికి కూడా వస్త. కని పది తర్వాతనే వస్త. కథలు బంద్ పెట్ట." జీతం సగమే ఇస్తానన్నాడు, ఇంకా తగ్గించి చూశాడు కూడా. సగానికి ఒప్పుకున్నాను. చాలా ఏళ్లు అలాగే పనిచేశాను. ఆ సగం జీతంతో పెద్దమ్మ ఇంటి కరెంటు బిల్లు కట్టాను, కాగితాలు కొనుక్కున్నాను. నీటి పొదుపు మీద కనీసం నలభై గద్యాలు రాసి ఉంటాను, ఒక్కటీ చెత్తగా రాయలేదు. నాలుగు కథల పుస్తకాలు వచ్చాయి. ఇప్పటికీ సందు చివరిదాకా నడిస్తే ఎవరూ గుర్తుపట్టరు. దాని గురించి బెంగలేదు. ఆకుపచ్చ గౌనుకు కూడా పిల్ల దొరికింది, మా ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్ల రెండో పాప. పెద్దమ్మకు ఇప్పుడు చూపు తగ్గింది, సూదిలో దారం నేనే ఎక్కిస్తాను. జాకెట్లు మానేసింది. గౌన్లు మానలేదు. గేటుకు ఇంకా ఆ అట్టముక్కే ఉంది, ఇప్పుడది ఎక్కువగా నా కోసం.

జిరాక్స్ దుకాణంలో ఇవన్నీ తలుచుకుంటూ స్టూలు మీద కూర్చుని ఉంటే, తన కాగితాలు తీసుకున్న ఒక అమ్మాయి పక్కన నిలబడి చదువుకుంటూ పైకే అంది, "ఏందిది, మూడోదానికి ఆన్సర్ ఇందుల లేనే లేదు."

"నాలుగోది పెట్టు," అన్నాను.

"అంటే ఎవరి కోసం కాదా ఆంటీ? మరి రెండు టికెట్లెందుకు?"

గోడ మీది గడియారం చూశాను, పదిన్నర. స్టూలు మీద కాస్త జరిగి ఆమెకు చోటిచ్చాను, మొదటినుంచీ చెప్పాను. నా ఆధార్ కార్డు వంతు వచ్చి వెళ్లిపోయింది, దుకాణం అతను కేకేసినా లేవలేదు. ఇన్నేళ్లూ నన్ను బతికించినవి పది తర్వాతి గంటలే, వాటికి నేను రుణపడి ఉన్నాను. వెనక్కి తిరిగి చూసుకుంటే మాత్రం, బతికినట్టు గుర్తున్నవి పదికి ముందువి.