తట్టని చోటు

ఆయన్ని అందరూ టకటక మేస్త్రీ అంటారు. అసలు పేరు ఇంటి కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. టైలు పరిచాక తాపీ పిడితో దాని నాలుగు మూలలా, నడుమనొకసారీ తట్టి, చెవి వంచి వినడం ఆయన అలవాటు. కింద సిమెంటు మాలు నిండుగా ఉంటే చప్పుడు మొద్దుగా వస్తుంది, లేకపోతే ఖాళీ డబ్బా కొట్టినట్టు డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిన టైలును, అది వేసింది ఎంతటివాడైనా సరే, మొహమాటం లేకుండా పీకించేస్తాడు. ఐదు చోట్లే ఎందుకని అడిగితే, మాలు పరిచేటప్పుడు తప్పు జరిగితే మూలల్లోనే జరుగుతుందని, నడుమ తట్టడం తన మనశ్శాంతి కోసమని చెప్పేవాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన వేసిన నేల లేచిందని ఒక్కరూ వచ్చి అడగలేదు. అంత పనికీ ఆయనకు దక్కింది ఒక మారుపేరు, రెండు అరిగిన మోకాళ్లు.

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, ఇంకో రెండేళ్లు ఇలాగే నేల మీద పాకితే ఆ తర్వాత నడక సంగతి తనను అడగొద్దన్నాడు. అప్పటికే ఆయన మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి, గోడ దాకా వెళ్లాలంటే భార్యను పట్టుకోవాలి. పని మానెయ్యమని ఆమె పోరుతూనే ఉంది. చివరికి ఆమె తమ్ముడే ఒక దారి చూపించాడు. అతను పనిచేసే టైల్స్ షాపులో, కొనడానికి వచ్చినవాళ్లకు సరుకు గురించి వివరంగా చెప్పడానికి అనుభవం ఉన్న మనిషి కావాలట. ఫ్యాను కింద కుర్చీ, నోటితో పని. ఆదివారం లోపల ఏ సంగతో చెప్పాలి.

మేస్త్రీ వెళ్లి చూసి వచ్చాడు. టైల్సన్నీ గోడకు ఇనుప చట్రాల్లో నిలబెట్టి ఉన్నాయి. అలవాటు చొప్పున ఒకదాన్ని వేలి కణుపుతో తట్టాడు, అది గజగజ ఊగింది. నేల మీద లేని టైలూ ఒక టైలేనా అని మొహం మాడ్చుకున్నాడు.

"బావా, టైలు గోడ మీద ఉంటేనేం, నువ్వు కుర్చీ మీద ఉంటావుగా," అన్నాడు బావమరిది.

ఈ కబురు మేస్త్రీ పనిచేసే కాంట్రాక్టరు చెవిన పడింది. ఆయనది అరచేతిలో వైకుంఠం చూపించే రకం. మేస్త్రీని సూపర్‌వైజర్ని చేస్తానని ప్రతి బిల్డింగు పునాదప్పుడూ మాటివ్వడం, స్లాబు పడేసరికి మరచిపోవడం నాలుగేళ్లుగా నడుస్తున్న బాగోతమే. కానీ ఈసారి శనివారం నాడు స్వయంగా పిలిచి ఒక తెల్ల హెల్మెట్టు, ఒక కర్ర, ఒక సుద్దముక్క చేతిలో పెట్టాడు.

"ఇక నువ్వు వంగక్కర్లేదు మేస్త్రీ. నిలబడి కర్రతో తట్టు. డొల్ల ఉంటే గుర్తు పెట్టు. నీ చెవి ఉంటే చాలు నాకు."

ఆ ఆఖరి మాటకు మేస్త్రీ పడిపోయాడు. ఇన్నేళ్లకు తన చెవికి విలువ కట్టిన మనిషి దొరికాడనుకున్నాడు. పాపం, విలువ కట్టడం ఎంతబాగా వచ్చో ఆ కాంట్రాక్టరుకు! ఆ సాయంత్రమే మేస్త్రీ బావమరిదికి రానని చెప్పేశాడు, ఆదివారం పొద్దున్నే షాపువాళ్లు ఇంకొకర్ని పెట్టేసుకున్నారు. భార్య ఆ హెల్మెట్టును ఎగాదిగా చూసి, "దాన్ని నెత్తికి కాదు, మోకాళ్లకు తొడుక్కో," అంది. ఆపైన ఆయనతో మాటలు మానేసింది.

సోమవారం మూడో అంతస్తు ఫ్లాటుకు పంపారు. అక్కడి నేల ముందువారమే, ఆయన లేనప్పుడు వేశారు. ఆయన హెల్మెట్టు సర్దుకుని గది గదీ తిరిగాడు. ప్రతి టైలుకూ ఐదు దెబ్బలు, ఐదూ మొద్దుగా పలికాయి. మూడు గదులూ, వంటిల్లూ, వరండా అయ్యేసరికి సుద్దముక్క అరగనే లేదు. టైల్సు వేసిన కుర్రకారు పని నేర్చుకున్నారని సంబరపడి, బాగా వేశారర్రా అని మెచ్చుకున్నాడు కూడా. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు దించుకున్నారు. ఆయన దాన్ని సిగ్గనుకున్నాడు.

గురువారం ఫ్లాటు కొన్న టీచరమ్మ తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దావిడ చేతికర్ర పొడుచుకుంటూ హాల్లో నాలుగడుగులు వేసి ఆగిపోయింది. అదే చోట మళ్లీ పొడిచింది.

"ఇదేంటి నాయనా, కింద ఏమీ లేనట్టుందే?"

మేస్త్రీ తన కర్రతో మూలకూ నడుమకూ మధ్య తట్టాడు. డొల్ల. పక్క టైలు, దాని పక్కది, అన్నీ డొల్లే. మూలకొక ముద్ద, నడుమనొక ముద్ద మాలు పెట్టి టైలు బోర్లించేశారు. పైన పటారం, లోన లొటారం. ఆయన ఎక్కడెక్కడ తడతాడో అక్కడక్కడే నింపారు, తట్టని చోటు గాలికి వదిలేశారు. ఎదురుగా కాంట్రాక్టరు తాళాల గుత్తి పట్టుకుని నిశ్చింతగా నిలబడి ఉన్నాడు. చెవి ఉంటే చాలన్నది ఎందుకో మేస్త్రీకి అప్పుడు తెలిసింది, ఒళ్లు మండిపోయింది.

"మీరు తట్టి చూశారన్నాకే కొనడానికి ధైర్యం చేశామండీ," అంది టీచరమ్మ. "పర్లేదంటారా?"

సుద్దముక్క జేబులోనే ఉంది. ఒక్క గుర్తు పెడితే చాలు, ఇరవై ఆరేళ్ల మాట నిలబడుతుంది. కానీ షాపులో కుర్చీ ఇప్పుడు వేరొకరిది. ఈ హెల్మెట్టు దింపితే మిగిలేది మళ్లీ నేల, మళ్లీ ఆ మోకాళ్లే. వాటికి ఇంకా రెండేళ్లు కూడా లేవు.

"కొత్త నేల కదమ్మా," అన్నాడు. "పూర్తిగా ఆరేదాకా అలాగే పలుకుతుంది."

పెద్దావిడ వెంటనే నమ్మింది. పని తెలిసినవాడు చెప్పాక ఇంకేముందంటూ, ఆరని నేల అదురుతుందేమోనని కర్ర చప్పుడు కాకుండా మెల్లగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. కాంట్రాక్టరు ఆయన భుజం తట్టాడు.

ఇంటికి వచ్చి ఆయన గోడ పట్టుకోకుండా లోపలికి నడిచాడు. అది చూసి భార్య ఇన్నాళ్ల అలక వదిలింది.

"మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

"నొప్పి లేదు."

"నేనే తప్పుగా అనుకున్నాను. మంచి పనే దొరికిందన్నమాట," అంది.

ఆయన ఔనన్నాడు. రెండో అబద్ధం మొదటిదానికన్నా తేలిగ్గా వచ్చింది.