తొక్కకపోతే పాడయ్యే శిల్పం

మా బాబాయికి విరిగిన వస్తువు కనిపిస్తే చాలు, చేతులు ఊరుకోవు. దాన్ని ఎత్తుకొచ్చి, ఎవరికీ అర్థంకాని శిల్పంగా మార్చి, మెడలో ఓ వంకర పేరు వేలాడదీస్తాడు. విరగని వస్తువైతే విరిగేదాకా ఆగుతాడు. ఒక్కోసారి అంతదాకా కూడా ఆగడు.

కుర్చీ కాళ్ళకి రబ్బరు చేతితొడుగుల వేళ్ళు అతికించి "కాళ్ళావేళ్ళా" అన్నాడు. పిన్ని కుక్కరుకి తోకా చెవులూ పెట్టి "కుక్కరు" అన్నాడు.

"పొయ్యి మీదున్నది కూడా ఎత్తుకుపోతే ఎలాగండీ?" అని పిన్ని గగ్గోలు పెట్టింది.

"మూత సరిగ్గా పట్టడంలేదన్నావుగా!"

"వాషరు మార్చమన్నాను మహానుభావా, తోక పెట్టమనలేదు!"

ఇవన్నీ నవ్వి ఊరుకున్నాను. వీధి చివర దర్జీగారి విషయంలో మాత్రం నాకు ఒళ్ళు మండింది. ఆయన కుట్టుమిషను చక్రం విరిగింది. అంత పాతదానికి చక్రం ఎక్కడా దొరకదని మెకానిక్కు చేతులెత్తేశాడు. దర్జీగారు మిషన్ని గుమ్మం బయట పారేసి కొట్టు మూసేశారు. పిన్ని సాయం చేస్తానంటే "ఊరికే ఎవరి దగ్గరా పుచ్చుకోనమ్మా" అని తలుపేసుకున్నారు. ఆ పెద్దమనిషి కిటికీలోంచి చూస్తుండగానే, మా బాబాయి ఆ మిషన్ని తోపుడుబండి ఎక్కించుకుని వచ్చేశాడు!

"సిగ్గులేదూ బాబాయ్? అది ఆయన బతుకుతెరువు!"

"ఎంత అందమైన ఇనుమో చూశావుటే?" అన్నాడు. ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం!

బాబాయి శిల్పాల ప్రదర్శన రోజున హాలు మధ్యలో ఆ మిషను ఒంటినిండా గుండీలతో వెలిగిపోతోంది. పేరు "కుట్ర". కింద అట్టముక్క మీద "ముట్టుకోరాదు" అని రాసుంది. దర్జీగారు విసవిసా వచ్చారు.

"నా మిషను మీద ఈ గుండీలేమిటండీ?"

"సమయానికొచ్చారు. దీన్ని రోజూ తొక్కకపోతే బిగుసుకుపోతుంది. తొక్కడం నాకు చేతకాదు. మీ కొట్లో పెట్టుకుని, నా శిల్పం పాడవకుండా చూసిపెడతారా? మీకు పుణ్యముంటుంది."

దర్జీగారు అనుమానంగానే కూర్చుని కాలు ఆడించారు. మిషను టకటకా తిరిగింది.

"బెల్టు ఇంత బిగించిందెవరండీ, బుద్ధిలేకుండా?" అన్నారు. తిడుతున్నారే గానీ కాలు ఆపలేదు.

పిన్ని నన్ను గిల్లింది. "నాదీ ఆ కాలం మిషనేగా. ఆ చక్రం నాదే!" అంది. పెళ్ళయ్యాక మొదటిసారి, ఓ వస్తువు పోయినందుకు అరవకుండా గుసగుసలాడింది.

ఇప్పుడు మా ఇంటిల్లిపాది బట్టలూ ఆ కొట్లోనే కుట్టించుకుంటున్నాం. మొన్న బాబాయి ముచ్చటపడి ఆ చక్రం మీద చెయ్యి వెయ్యబోయాడు. దర్జీగారు స్కేలుతో చేతిమీద ఒక్కటిచ్చారు.

"అట్ట కనబడలేదుటండీ? ముట్టుకోరాదు!"