పారుకుంటే మంచిదనుకున్నాము

అంత పెద్ద మందు ఎక్కించినా మీ ఆయన ఎట్ల పోయినాడని అందరూ అడుగుతారు. చెప్తా, రాసుకో.

గొర్రెలు కాసేటోళ్ళకు కాల్లో ముల్లు దిగని రోజుండదు. మా ఇంటాయనకు మడమ కింద నల్లమచ్చ లేస్తే ముల్లు ఇరిగి లోపల నిలిచిందనుకున్నాము. సూదితో తవ్వినాము. నల్లజీడి గింజ కాల్చి, కారే నూనె అంటించినాము. జీడి అంటించినంక ఆ నలుపు జీడిదో రోగానిదో ఎవురికి తెలుస్తుంది? తొడసందులో గడ్డ లేచినాకనే కదిరికి పోయినాము, ఆన్నించి బెంగుళూరికి. చర్మం క్యాన్సరన్నారు. ఊపిరితిత్తులకు పాకింది, ఇంగ కోసేదానికి లేదన్నారు.

డాక్టరమ్మ సగం కన్నడం, సగం తెలుగులో చెప్పింది. రోగాన్ని ఈ మందు తానుగా చంపదంట. మన ఒంట్లోనే కాపలా ఉంటాదంట, దాన్ని రోగం కట్టేసిందంట. మందు ఆ కట్టు ఇప్పుతుందంట. నాకు బుర్రకెక్కలేదు. ఆయనకు ఎక్కింది.

"అంటే మంద కాడి కుక్కను ఇప్పి ఇడుస్తావన్నమాట," అన్నాడు.

ఆయమ్మ నవ్వింది. "అంతే అన్నా. కానీ ఆ కుక్క తోడేలునే కరుస్తుందని నమ్మకం లేదు, గొర్రెను గూడా కరవచ్చు. దగ్గొచ్చినా, బేదులైనా వెంటనే ఫోన్ చెయ్యండి."

తలూపినాము. మా చెవికెక్కింది తోడేలు మాటే.

సెలైను మాదిరి చేతికి ఎక్కించి పంపేవాళ్ళు. వాంతుల్లేవు, వెంట్రుకలు రాలలేదు. ఇదేం క్యాన్సరప్పా అని ఊర్లో ఎగతాళి చేసినారు. తెల్లారితే గడ్డ తడిమి చూసేది నా పని. మెత్తబడింది, తగ్గింది. ఆయన మల్లా కట్టె పట్టుకోని మంద ఎంబడి పోయినాడు.

అప్పుడు పట్టుకున్నాయి బేదులు. గొర్రెలకు కడుపులో పురుగులు పోయేదానికి మందు తాపినంక అవి పారుకోకపోతేనే, బేదులు కాకపోతేనే మాకు దిగులు. పారుకుంటే లోపలి చెడుగంతా పోయి తేరుకుంటాయి. ఆయనా అదే లెక్క ఏసినాడు. ఫోన్ చేద్దామంటే ఒప్పుకోలేదు.

"మందు పట్టిందే. చేస్తే ఆపేస్తారు. పోనీ, అంతా పోనీ."

రాగి గంజి తాపితే తాగినట్టే పోయేది. బోరు కాడ పంచె ఉతుకుతాంటే నెత్తురు కనపడింది. ఇంటికొచ్చి చూస్తే మంచం మీద పెదాలు ఎండిపోయి ఉండాడు. మొగంలో మాత్రం సంతోషం.

కారు మాట్లాడుకోని బెంగుళూరికి తీసుకపోయినాము. కాపలా తిరగబడి పేగుల్ని కరిసిందన్నారు. దాన్ని మల్లా కట్టేసేదానికి ఏరే మందు పెట్టినారు. పేగు నిలిచింది. ముందరి మందు మాత్రం ఇంగ ఎక్కించేది లేదన్నారు.

"ఇంగొక్కసారి ఇప్పి చూడవా అమ్మా?" అని అడిగినాడు ఆయన.

"ఈసారి నిన్నే చంపుతుందన్నా."

"దానికేం తెలుస్తుందిలే, కుక్కకు," అన్నాడు.

ఇంటికి తెచ్చుకున్నాము. తెల్లారితే తడిమేది మానలేదు నేను. గడ్డ మల్లా రాయి మాదిరి అయితా వచ్చింది. నా చెయ్యి ఆడ ఉండంగానే అడిగేవాడు.

"ఎట్లుండాదే?"

"మెత్తగనే ఉండాది."

నా చెయ్యి తీసి మంచం మీద పెట్టి, మంద ఈ పొద్దు ఎటు పోయిందని అడిగేవాడు.