జెర్బూ మూసిన తలుపు

మొన్న రియాద్ మెట్రోలో కూర్చుంటే ఎదురుగా తెర మీద ఒక ఎలుక కనిపించింది. పొడుగాటి వెనక కాళ్లు, తోక చివర తెల్లని కుచ్చు, కింద ఎడారి జంతువుల్ని కాపాడుకోమని అరబ్బీలో నాలుగు ముక్కలు. బొమ్మ మారిపోయింది, చూస్తూ చూస్తూ నేను దిగాల్సిన స్టేషన్ కూడా దాటిపోయింది.

దాన్ని ఇక్కడివాళ్లు జెర్బూ అంటారు. హుఫూఫ్ పట్నం అవతల ఇసుకలో మా కంపెనీ రోడ్డు వేస్తున్న రోజుల్లో నేను సర్వేవాళ్లకు సాయంగా ఉండేవాణ్ని, మా మేనమామ బుల్డోజర్ తోలేవాడు. అక్కడి కాపలా ముసలాయన వచ్చీరాని హిందీలో జెర్బూ సంగతులన్నీ చెప్పేవాడు. పొదల కింద బొరియ చేసుకుంటుందట, గింజలూ వేర్లూ తింటుందట, నీళ్లు ముట్టదట. "ఇకామా కాయితం లేదు, పూచీ పడే కఫీల్ లేడు, నీళ్ల ట్యాంకరుతో గూడా పన్లేదు. మనకన్నా అదే నయంగదబ్బీ!" అని మామ నవ్వేవాడు.

రోడ్డు దారిలో వాటి బొరియలున్నాయని వన్యప్రాణుల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. జెర్బూలు ఉంటే చెప్పండి, పట్టి కంచె వేసిన రక్షిత నేలలో వదులుతాను, రేపు మధ్యాహ్నం బోన్లతో వస్తానన్నాడు. చూసి చెప్పే పని ఫోర్‌మన్ మా ఇద్దరికీ అప్పగిస్తే, నేను చూస్తానని ముందుకొచ్చాను. ఎలుకల విషయంలో నన్ను మించిన పండితుడెవడు? మా వేరుశనగ చేలల్లో సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసేస్తాం. తెల్లారి ఏది తెరుచుకుంటే దాంట్లో ఎలుక ఉన్నట్టు, తెరుచుకోకపోతే ఖాళీ. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు దాటాక వెళ్లి, తెరిచి ఉన్నవన్నీ కాలితో ఇసుక తోసి మూశాను. పొద్దున ఒక్కటీ తెరుచుకోలేదు.

"ఏం లేవు మామా, తోలెయ్."

"బాగా సూసినావా? ఆయప్ప వచ్చేదాకా ఆగుదామా?"

"సూసినాలే. దీనికేమన్నా పెద్ద సదువు గావాల్నా?"

మామ తోలాడు. రెండో వరసలో ఇసుక విరిగిపడి, ఒంటె వెంట్రుకలు పరిచిన గూడు బయటపడింది. అందులో కళ్లు తెరవని పిల్లలు, కదలిక లేదు. తల్లి మాత్రం ఆ ఎండలో పారిపోకుండా నిలబడి మమ్మల్నే చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మధ్యాహ్నం వచ్చిన ఆ ఆఫీసాయన ఖాళీ బోన్లు కింద పెట్టి మెల్లగా చెప్పాడు. జెర్బూ రాత్రంతా మేసి, తెల్లారేలోపు తిరిగొచ్చి, లోపలి నుంచి ఇసుకతో తలుపు వేసుకుంటుందట. మూసి ఉందంటే ఇంట్లో ఉన్నట్టేనట. ఎవరు చూశారని అడిగాడు.

"నేనే సార్," అన్నాడు మామ.

మామను బండి దించి వేరే క్యాంపుకు పంపేశారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చూసింది నేనేనని సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు. మామ పోయి రెండేళ్లయింది, నా తప్పు ఆయన పేరు మీదే ఉండిపోయింది. నేను ఆగలేకపోయిన ఆ ఒక్క ఉదయం, ఇన్నేళ్లయినా నాకింకా తెల్లారుతూనే ఉంది.