కొట్టివేసిన పన్నెండో పంక్తి

పుట్టపర్తి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది, ఫిబ్రవరి నెలలో, పెనుకొండకూ హిందూపురానికీ మధ్య వెడల్పు చేయబోయే ఒక రోడ్డు వెంబడి ఉన్న పాత శాసనాలను నమోదు చేసే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను పురావస్తు శాఖలో ఎపిగ్రఫీ అసిస్టెంటును. రాతి మీది రాతను చదవడం, నకలు తీయడం, రిపోర్టు రాయడం నా పని. దానిమీద డిప్యూటీ డైరెక్టరు సంతకం పడితే తప్ప నా చదువుకు అధికారం రాదు. అయితే ఆయన ఎన్నడూ ఊరికి రాడు కనుక నేను రాసిందే సాధారణంగా నిలిచేది.

నకలు తీసే పద్ధతి పాతదే. రాతిని నీళ్లతో కడిగి, బ్రష్షుతో సందుల్లోని మన్ను తీసి, తడిపిన కాగితం పరిచి, గట్టి బ్రష్షుతో కొడతాం. కాగితం అక్షరాల గాడిలోకి దిగుతుంది. అది సగం ఆరాక గుడ్డ ఉండతో సిరా అద్దితే నల్లటి నేల మీద అక్షరాలు తెల్లగా లేస్తాయి. రాయి ఉంటే ఇంత సులువు. ఒక ఊళ్లో మాత్రం రాయి లేదు.

ఆ ఊరి చెరువు తూమును బాగుచేసిన లింగన అనే మనిషికి భూమి ఇచ్చినట్టు చెప్పే శాసనం అది. చాలా ఏళ్ల కిందటే కనబడకుండా పోయింది. దానికి కాగితం మీద రాసుకున్న ప్రతులు మాత్రం మూడు మిగిలాయి. ఒకటి నారాయణరెడ్డి అనే రైతు ఇంట్లో, ఆయన తాత రాసిపెట్టింది. రెండోది పెనుకొండలో బట్టలు కుట్టే ఖాదర్ సాబ్ ఇంట్లో, బడిపంతులుగా పనిచేసిన వాళ్ల పెద్దాయన నోటుపుస్తకంలో ఉంది. మూడోది అగళిలో ఒకరి ఇంట్లో, కన్నడ లిపిలో ఉంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. అక్షర దోషాలు, మాటల వరసలో చిన్న తేడాలు ఉన్నాయి. అసలు సంగతి మూడింటిలోనూ ఒకటే. అయితే రెండు ప్రతుల్లో పదకొండు పంక్తులుంటే, రెడ్డి గారి దాంట్లో పన్నెండోది ఉంది. ఈ దానానికి సాక్షి కొండారెడ్డి అని. కొండారెడ్డి ఎవరని అడిగితే మా వంశం మూలపురుషుడు అన్నాడు నారాయణరెడ్డి.

నాకు వేరే ఆలోచన రాలేదు. సొంత ఇంటికి గౌరవం తెచ్చే పంక్తి సొంత ఇంటి ప్రతిలోనే ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు?

ఖాదర్ సాబ్ తల్లి ఫాతిమాబీ అప్పుడు తొంభైకి దగ్గర్లో ఉంది. నేను నోటుపుస్తకం చూస్తూ ఉంటే మంచం మీద నుంచే మాట కలిపింది. తను పుట్టింది శాసనం ఉన్న ఆ ఊళ్లోనే. చిన్నప్పుడు ఆ రాయి ఎక్కి ఆడుకునేవాళ్లట. రాయి కింది భాగం మట్టిలో ఉండేదని, రెడ్డి తాత ఒకరోజు మన్ను తోడి కింద ఇంకా రాత ఉందని అందరికీ చూపించాడని చెప్పింది. నేను తలూపాను. రాసుకోలేదు. ఎనభై ఏళ్ల కిందటి, ఆడుకునే వయసు పిల్ల జ్ఞాపకం. ఆ పిల్లకు చదువు కూడా రాదు. రిపోర్టులో అలాంటి మాటకు చోటు లేదనుకున్నాను. పన్నెండో పంక్తి తర్వాతి కాలంలో చేర్చినదని, మూలం దొరకనందున మొత్తం పాఠం నమ్మదగినది కాదని రాశాను.

నా తెలుగు టైపింగు నత్తనడక. రిపోర్టులు మా అమ్మాయి సుధ టైపు చేసిపెట్టేది. ధర్మవరంలో మా ఇంటి నుంచి రోజూ రైల్లో హిందూపురం పోయి, అక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేది. మా చర్చిలో సండే స్కూలు పెద్ద పిల్లల తరగతి తీసుకోమని పాస్టరుగారు ఆమెను అడిగి అప్పటికి నెల అయింది. ఆమె ఔననలేదు, కాదనలేదు. ఆ సాయంత్రం చివరి పేజీ టైపు చేసి, కుర్చీ నా వైపు తిప్పింది.

"నాయనా, సువార్తలకు మూలం యాడుండాది?"

లేదన్నాను. మత్తయి గానీ మార్కు గానీ లూకా గానీ యోహాను గానీ రాసిన కాగితం లోకంలో ఎక్కడా లేదు. ఉన్నవన్నీ నకళ్లకు నకళ్లే.

"మరి మార్కు సువార్త చివర్లో, లేచిన యేసు కనబడినాడని చెప్పే వచనాలు పాత ప్రతుల్లో లేవంట గదా. ఈ ఊరి ప్రతికి నువ్వు పెట్టిన కొలతే దానికీ పెడితే ఏమని రాస్తావు?"

ఆమె వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. తనకే తేలని సంగతి పిల్లలకు ఎట్లా చెప్పేదని, అందుకే పాస్టరుగారికి ఔననలేదని తర్వాత చెప్పింది. నేను పుట్టు క్రైస్తవుణ్ణి. దాదాపు ముప్పై ఏళ్లు పగలు రాళ్లు చదివి, రాత్రి బైబిలు చదివినవాణ్ణి. ఈ రెండు చదువులనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టాలని ఒక్కరోజూ తోచలేదు. ఎందుకు తోచలేదో ఇప్పటికీ తెలియదు.

సుధ ఈ మాట పాస్టరుగారితో కూడా అన్నట్టుంది. ఆయన కోప్పడలేదు. పాత రాతల గురించి మీకన్నా తెలిసినవారు మన సంఘంలో లేరు కదా, ఈస్టరు తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం సువార్తలు ఎందుకు నమ్మదగినవో యువకులకు మీరే చెప్పండి అన్నారు. సరేనన్నాను. రెండుసార్లు రాసి రెండుసార్లూ చించేశాను. నమ్మదగినవి అని రాస్తే నా రిపోర్టు తప్పు. రిపోర్టు సరైనదైతే నేను చర్చిలో నిలబడి చెప్పబోయేది తప్పు. ఎటు తిప్పినా ఒక చోట నా సంతకం అబద్ధమయ్యేది.

ఇదిలా ఉండగా రిపోర్టు ప్రతి ఒకటి పంచాయతీకి చేరింది. నారాయణరెడ్డి బస్సెక్కి ధర్మవరం వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"మా తాత దొంగరాత రాసినాడని సర్కారుకు రాసిచ్చినారంట గదా సార్. ఆయప్ప పోయి నలభై ఏండ్లాయ. ఇంగ ఎవురొచ్చి సాక్ష్యం చెప్పాల?"

దొంగరాత అన్న మాట నేను వాడలేదన్నాను. తర్వాత చేర్చినది అంటే అర్థమేమిటని అడిగాడు. మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

నా ప్రసంగానికి వారం ముందు, రోడ్డు పనిలో, అడుగున నీళ్లు పోయే ఒక పాత మోరీని జేసీబీతో తీస్తూ ఉంటే, పైకప్పుగా వేసిన బండ ఒకటి తిరగబడింది. అడుగు వైపు అక్షరాలు. ఎవరు, ఎప్పుడు దాన్ని బోర్లా వేశారో ఎవరికీ తెలియదు. నాకు ఫోను చేసింది నారాయణరెడ్డే. కాగితం, సిరా, బ్రష్షులు తీసుకుని పొద్దున రైలుకే పెనుకొండలో దిగి మోరీ దగ్గరికి చేరుకున్నాను.

ఆ రోజు నకలు తీయడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది. పదకొండు పంక్తులూ ఉన్నాయి. వాటి కింద జానెడు ఖాళీ. ఆ తర్వాత, నేలలో పాతడానికి వదిలే భాగానికి ఆనుకుని, పన్నెండోది ఉంది. అక్షరాల లోతు తక్కువ, కానీ చెక్కిన చేయి అదే. సాక్షి కొండారెడ్డి. తడి కాగితం మీద ఆ పేరు తేలుతూ ఉంటే నారాయణరెడ్డి నా భుజం మీదుగా వంగి చూశాడు. నేనే క్షమించమన్నాను.

"మీరు ఆడ నిలబడి సూడలే గద సార్. సూసినోళ్ల మాట ఇనుంటే సాలు" అన్నాడు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే బయటపడింది. దానం ఇచ్చిన సంవత్సరం పేరు మూడు ప్రతుల్లోనూ పరాభవ అని ఉంది. మూడూ ఒకే మాట చెబుతున్నాయి కదా అని నేను అనుమానించని చోటు అదొక్కటే. రాతి మీద పరీధావి అని స్పష్టంగా ఉంది. అంటే నేను అబద్ధమని కొట్టేసింది నిజం. అనుమానించకుండా వదిలేసింది తప్పు. మోరీ పక్కన మట్టి మీద కూర్చుని, ఇన్నేళ్లలో ఇంకెన్ని రిపోర్టుల్లో ఇలా జరిగి ఉంటుందో అనుకున్నాను. లెక్క తేలే ప్రశ్న కాదది.

తిరుగు దారిలో పెనుకొండలో ఆగి ఫాతిమాబీకి నకలు చూపించాను. ఆమెకు చదవడం రాదు. పన్నెండో పంక్తి మీద వేలు పెట్టి చదివి వినిపించాను.

"నేను చెప్తే రాసుకోకపోతివి గదప్పా. రాయి చెప్తే రాసుకుంటాండావు" అంది.

ఆ రాత్రి లూకా సువార్త చివరి అధ్యాయం తీశాను. యేసు సమాధి ఖాళీగా ఉందని స్త్రీలు వచ్చి చెబితే, అపొస్తలులు ఆ మాటలను వెర్రి మాటలుగా తీసుకుని నమ్మలేదని అక్కడ ఉంది. అంతకు ముందు ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఆ వరసలో నేను ఎవరి పక్కన నిలబడ్డానో ఆ రాత్రే తెలిసింది.

ఆదివారం ముప్పై మంది దాకా వచ్చారు. కాగితం లేకుండానే మాట్లాడాను. ముందుగా నా రిపోర్టులోని తప్పు చెప్పాను. తర్వాత తెలిసినంతవరకే చెప్పాను. సువార్తల మూలాలు లేవు. అయితే చేతిరాత ప్రతులు వేల సంఖ్యలో ఉన్నాయి, వేర్వేరు దేశాల్లో, వేర్వేరు భాషల్లో. ప్రతులు ఎక్కువైతే తేడాలు ఎక్కువ కనబడతాయి, కానీ ఆ తేడాల వల్లనే ఎక్కడ చేయి జారిందో పట్టుకోవచ్చు. ఒకే ప్రతి ఉండి ఉంటే తప్పు ఉన్నా తెలిసేది కాదు. ఇక రాసినవాళ్ల సంగతి. కట్టుకథ రాసేవాడు తన పెద్దలను గొప్పగా చూపిస్తాడు. ఇక్కడ శిష్యుల్లో పెద్దవాడైన పేతురే యేసును ఎరగనని బొంకాడు, మిగిలినవాళ్లు పారిపోయారు, ఆ రోజుల్లో సాక్ష్యానికి విలువ లేని స్త్రీలే ఖాళీ సమాధిని మొదట చూశారు. ఇవి కావాలని చేర్చుకునే సంగతులు కావు. కొరింథుకు రాసిన ఉత్తరంలో పౌలు, లేచిన యేసును చూసినవాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారంటాడు. అంటే పోయి అడగవచ్చనే కదా.

సుధ లేచి నిలబడింది. అందరి ముందూ అడుగుతుందని నేను అనుకోలేదు.

"రెడ్డిగారి చివరి పంక్తి నిజమైంది. కాబట్టి మార్కు చివరి వచనాలు కూడా నిజమేనంటావా?"

అనలేనన్నాను. ఒక రాయి విషయంలో జరిగింది ఇంకో రాతకు సాక్ష్యం కాదు. ఆ వచనాలు తర్వాత చేరినవని పండితులు ఎక్కువమంది అంటారు, వాళ్ల కారణాలు నాకు సరిగానే కనబడతాయి. అవి తీసేసినా సమాధి ఖాళీగానే ఉంది, స్త్రీలు అక్కడే ఉన్నారు అని చెప్పాను.

"అదంతా రాత సరిగ్గా మన దాకా వచ్చిందని చెప్పడమే గదా నాయనా. ఆయన లేచినాడని ఎట్లా చెప్తావు?"

రాయి కూడా చెక్కించారని మాత్రమే చెబుతుందని, లింగన నిజంగా తూము కట్టాడో లేదో చెప్పదని ఒప్పుకున్నాను. అక్కడి నుంచి ముందుకు నా పనిముట్లు రావు. చూశామన్నవాళ్లు ఎలాంటివాళ్లో చూస్తాను. ఆ మాట కోసం దెబ్బలు తిన్నారు, చచ్చిపోయారు, లాభం ఏమీ లేదు. వాళ్లు అబద్ధం చెప్పారని అనుకోవడం నాకు ఇంకా కష్టంగా ఉంది. అందుకే నమ్ముతున్నాను అన్నాను. విన్నవాళ్లలో కొందరికి సంతోషం కలిగింది. ఒక పెద్దాయన ఇన్ని సందేహాలు పిల్లల ముందు అవసరమా అని పాస్టరుగారితో అన్నాడు. ఆయన అన్నది తప్పని కూడా గట్టిగా చెప్పలేను.

డిప్యూటీ డైరెక్టరుకు అనుబంధ రిపోర్టు పంపాను. పన్నెండో పంక్తి మూలంలోనిదేనని, నా మొదటి అభిప్రాయం తప్పని, ఫాతిమాబీ చెప్పిన మాట నేను నమోదు చేయలేదని అందులో రాశాను. ఆఖరి వాక్యం అవసరం లేదని పైనుంచి అన్నారు. ఉంచమని కోరాను, ఉంచారు. జూన్ నుంచి సుధ సండే స్కూలు తరగతి తీసుకుంది. తనకు ఇంకా పూర్తిగా తేలలేదని, తేలని చోట తేలలేదనే పిల్లలకు చెబుతానని పాస్టరుగారిని ముందే ఒప్పించుకుంది.

ఈ వృత్తిలోకి రావాలనుకునేవారికి ఆ సంఘటన నుంచి నేను చెప్పగలిగింది ఇంతే. మూలం లేకపోవడం ఒక సంగతి, మాట నమ్మదగినది కాకపోవడం వేరే సంగతి. రాసిన మనిషికి లాభం ఉందన్నంత మాత్రాన రాసింది అబద్ధం కాదు, ముగ్గురు ఒకటే చెప్పినంత మాత్రాన నిజమూ కాదు. తర్వాత మిగిలిన సర్వీసులో ఏ ఊరు పోయినా, రాతిని తడిపే ముందు అక్కడ చూశామన్నవాళ్ల పేరు, వయసు, మాట రాసుకున్నాను. వాటిలో చాలావరకు తప్పని తేలాయి. కొన్ని తేలలేదు. ఏది ఏ కోవదో రాసుకోకముందే తెలిసే మార్గం నాకు కనబడలేదు.