మిరపకల్లంలో నా బడి బూట్లు

మా చిన్నప్పుడు... జూన్‌లో కొన్న తెల్ల కాన్వాసు బూట్లు దసరా సెలవులు రాకముందే నోరు తెరిచేవి. ముందు బొటనవేలు బయటికి వచ్చేది, తర్వాత మడమ... "కాళ్ళా అవి, ఆకురాళ్ళా?" అని అమ్మ తల బాదుకునేది.

నిజమే, అరగ్గొట్టాను. ఒప్పుకోవడానికి నాకేం భయం లేదు.

ప్రత్తిపాడు పక్కన మా ఊరు. అక్కణ్ణించి బడికి రెండు మైళ్ళ కంకర రోడ్డు. ఇంటి దగ్గర మొదలుపెట్టిన రాయిని తన్నుకుంటూ తన్నుకుంటూ బడి గేటు దాకా చేర్చాలి... అదీ నా పంతం. వానాకాలంలో నల్లరేగడి అడుగుకి పట్టుకుందంటే ఒక్కో బూటు వీశెడు బరువు! బుద్ధిమంతులైన పిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళు. నేను పట్టుకునేదాన్ని కాదు. కొన్నది కాళ్ళకి గానీ చేతులకి కాదు కదా.

కానీ ఏడో తరగతిలో అరిగిన జత సంగతి వేరు. అది ఆటల్లో పోలేదు, సంక్రాంతి దాటినా నిలిచింది.

నాన్న పొగాకు కాల్చే బ్యారన్లలో పనికి ఒంగోలు వైపు వెళ్ళేవాడు. అమ్మ మా ఊళ్ళోనే ఒక ఆసామి మిరపకల్లంలో పనిచేసేది. ఎండిన కాయల్ని గోనె బస్తాల్లో పోసి, మనిషి లోపలికి దిగి తొక్కితేగానీ బస్తా నిండదు. తెల్లారుజామున మంచుకి కాయ మెత్తబడుతుంది కాబట్టి అప్పుడే తొక్కాలి... లేకపోతే విరిగిపోతుంది. అదీ ఉత్త కాళ్ళతో! పంటంటే లక్ష్మీదేవి, కల్లంలోకి చెప్పులతో అడుగు పెట్టకూడదు.

సాయంత్రానికి అమ్మ పాదాలు కుంపట్లో పెట్టినట్టు మండేవి. ఎదురింట్లో అడిగి మజ్జిగ తెచ్చి పోసేదాన్ని. "ఏం కాలేదులేవే, అలవాటేగా" అనేది. మళ్ళీ పొయ్యి దగ్గరికి మాత్రం మడమల మీద నడిచి వెళ్ళేది... నాకు ఏడుపొచ్చేది, దాంతోపాటు కోపమూ వచ్చేది.

ఒక శనివారం బడి లేదు. పరికిణీ కింద బూట్లు కనపడకుండా దాచుకుని అమ్మ వెనకాలే కల్లానికి వెళ్ళాను. అమ్మ బస్తాలోకి దిగబోతుంటే నేను ముందు దూకి తొక్కడం మొదలుపెట్టాను... ధన్‌ధన్‌మని. నాలుగు బస్తాలు అయ్యాయి. ఐదో బస్తాలోకి ఎక్కుతుంటే పరికిణీ పైకి లేచింది.

"ఏందే రాహేలమ్మా! నీ కూతురు బూట్లేసుకుని మిరగాయలు తొక్కుతా ఉంది! ఇది కల్లమా, కంకర రోడ్డా?" ఆసామి అరుపుకి కల్లం మొత్తం ఆగిపోయింది.

"ఉత్త కాళ్ళతో తొక్కినా తొక్కటమేగా అండీ?" అన్నాను. 'అండీ' పెట్టే అన్నాను, మర్యాద తప్పలేదు.

అమ్మ చెంప మీద ఒక్కటిచ్చింది. "చిన్నపిల్ల, తెలీక ఎక్కిందయ్యా" అంది.

"తెలిసే ఎక్కా" అన్నాను. రెండోదీ పడింది.

"సోమారం నించి నువ్వు రాబాకులే" అన్నాడు ఆసామి అమ్మతో.

అప్పుడు భయమేసింది. మిరపకాలం పనే మాకు ఆరు నెలల అన్నం. అమ్మ నా రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది.

ఆదివారం మా ఇంట్లో సూది పట్టకూడదు. ఆ ఆదివారం మాత్రం చర్చి నుంచి రాగానే అమ్మ పాత గోతం ఒకటి చింపి, దబ్బనం, పురికొస తీసుకుని కూర్చుంది. చీకటి పడేలోపు రెండు గోనె మేజోళ్ళు తయారయ్యాయి. సోమవారం తెల్లారుజామున అవి తొడుక్కుని కల్లానికి బయల్దేరింది. నేనూ వెనకాలే వెళ్ళాను, గట్టు మీద నిలబడ్డాను.

"నిన్ను రావొద్దన్నానా?" అన్నాడు ఆసామి.

"బూట్లు వద్దన్నారుగా అయ్యా. ఇయ్యి గోతాలు. మిరగాయలు గోతంలో ఉంటే లేని తప్పు, నా కాలు గోతంలో ఉంటే వచ్చిద్దా?"

ఆయన బస్తాల వైపు చూశాడు. సాయంత్రానికి లారీ గుంటూరు వెళ్ళాలి, బస్తాలు సగం కూడా నిండలేదు. "సరే, కానీయండి" అని మొహం తిప్పుకున్నాడు. వారం తిరిగేసరికి కల్లంలో ఆడవాళ్ళందరి కాళ్ళకీ గోనె మేజోళ్ళే!

నా బూట్లు మాత్రం ఎందుకూ పనికిరాలేదు, ఆ తొక్కుడికి అడుగులు ఊడిపోయాయి. కారానికి ఎర్రబడ్డ గుడ్డ మీద ఎంత సుద్ద రుద్దినా గులాబి రంగే తేలింది. ప్రార్థన వరసలో నా ముందువాళ్ళూ వెనకవాళ్ళూ తుమ్మడమే తుమ్మడం... "ఎన్ని జతలు అరగ్గొడతావే?" అని టీచరుగారు అడిగారు. ఎందుకు అరిగాయో నేను చెప్పలేదు. అడిగింది ఎన్ని అని కదా!

వేసవి సెలవుల దాకా ఉత్త కాళ్ళతోనే వెళ్ళాను. బూట్లు లేవని బయట నిలబెట్టారు, నిలబడ్డాను. కిటికీలోంచి లెక్కలు బాగానే వినపడ్డాయి.

మళ్ళీ జూన్‌లో చెప్పుల కొట్టాయన నన్ను గుర్తుపట్టి, "ఈ పిల్లకి ఇనప బూట్లు చేయించమ్మా" అని నవ్వాడు. పోయిన జూన్ అయితే అమ్మ కూడా ఆయనతో కలిసి నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. "అరిగితే బూట్లే కదండీ అరిగింది... కాళ్ళు కాదుగా" అంది.

ఇప్పుడు మా అమ్మాయికి ఏటా మూడు జతలు. ఒక్కటీ అరగదు. ఇంటి ముందు బస్సు ఎక్కుతుంది, బడి ముందు దిగుతుంది. చిన్నవైపోయిన బూట్లు తిరగేసి చూస్తే అడుగున గీత కూడా చెరగలేదు... మనసుకి ఎలాగో ఉంటుంది.

మీ బూట్లు ఎక్కడ అరిగాయి? ఎన్ని దెబ్బలు తిన్నారు? సిగ్గుపడకుండా రాయండి... నావి అమ్మ కాళ్ళ కింద అరగాల్సినవి, నా కాళ్ళ కింద అరిగాయి. ఆ రెండు చెంపదెబ్బలకీ ఈ రోజుకీ నేను "తప్పయింది" అనలేదు. అమ్మా అనమని అడగలేదు.