మా భూమన్న బండి అద్దం పడి పగిలింది కాదు

నిన్న పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ వచ్చింది. బోధన్ నుంచి మా తమ్ముడు భూమన్న భార్య లచ్చవ్వ.

"వదినె, మీ తమ్ముడు లేస్తలేడు" అన్నది.

నాకంటే చిన్నవాడు. నాకంటే ముందు పోవడమేంది?

ఆ గ్లాసు ఎక్కడ పెట్టానో నాకు ఇప్పటికీ గుర్తులేదు.

నాకు చదువు రాదు. మాట నాది, టైపింగ్ నా మనవరాలిది. ఏడ్చుడు నిన్ననే అయింది. ఇది రాయించేది ఏడ్వడానికి కాదు, ఒక మాట తేల్చడానికి.

నిన్న సాయంత్రం ఫ్యామిలీ గ్రూప్‌లో ఎవరో భూమన్న పాత ఫోటో పెట్టారు. గాగుల్స్ పెట్టుకుని మోటార్ సైకిల్ మీద కూర్చున్నాడు. బండి ముందు గాలి అద్దం సగమే ఉంది. పై అంచు వంకరటింకర.

కింద కామెంట్: "మామ ఓసారి ఫుల్లు తాగి పడ్డడు, అద్దం సగం పోయింది. లెజెండ్."

దాని కింద అందరూ నవ్వే బొమ్మలు.

ప్రేమతోనే రాశారు, తెలుసు. అబద్ధం మాత్రం అబద్ధమే.

ఆ అద్దం కోసింది నేను.

ఏ సంవత్సరమో నన్నడగొద్దు. మా ఇంటికి ఇంకా కరెంటు రాలేదు. భూమన్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఫీల్డ్‌మ్యాన్. రోజంతా రైతుల చేన్ల చుట్టూ తిరగాలి. సెకండ్ హ్యాండ్ బండి కొని, దుమ్మూ పురుగులూ మొఖాన పడకుండా తలెత్తు ప్లాస్టిక్ అద్దం కొత్తది బిగించుకున్నాడు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

పీడ ఆ రోజు నుంచే మొదలు.

బండి దిగితే కళ్లు చింతనిప్పులు. తల దిమ్ము. చెవుల్లో హోరు. కాసేపు గోడ పట్టుకుంటే గానీ అడుగు పడదు.

అట్లనే ఇందల్వాయికి పిల్లను చూడబోయాడు. ఎర్ర కళ్లతో తూలుతూ దిగాడు. పిల్ల తండ్రి వాకిట్లోనే చూశాడు. మాక్లూర్‌లో ఉన్న నాకు కబురు పంపాడు.

తాగుబోతుకు పిల్లనియ్య అని.

భూమన్న కల్లు ముట్టడని నేను చెప్పను. పండుగకు తాగేవాడు. హ్యాండిల్ పట్టే రోజు మాత్రం చుక్క ముట్టడు. ఆ మాట విని వాడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. చేసుకుంటే లచ్చవ్వనే చేసుకుంటానన్నాడు.

నేను బోధన్ పోయి, నన్ను వెనక ఎక్కించుకో అన్నాను. ఆడది బండెక్కిందని చూసేవాళ్లు చూశారు. చూడనీ.

కొంత దూరం పోగానే అర్థమైంది. ముందు అద్దం ఉన్నది, గాలి తగలొద్దు కదా. కానీ ఎవరో నా తలను రెండు చేతులతో పట్టి అటూ ఇటూ కొడుతున్నట్టే ఉంది. కాలువ పక్కన దిగి కూలబడ్డాను. నా కళ్లూ ఎర్రబడ్డాయి.

నేనేం తాగాను?

అద్దం పొట్టిగా ఉంది, ఇంకా పెంచాలి అన్నాడు వాడు. ఎవరైనా అదే అనుకుంటారు. పైన రేకు ముక్క కట్టాడు. మళ్లీ వెనకెక్కి పోతే బాధ ఇంకా ఎక్కువైంది.

అప్పుడు నా కన్ను వాడి రుమాలు మీద పడింది. తలకు చుట్టిన రుమాలు వెనక్కి ఎగరాలి కదా? ముందుకు జారి వాడి కళ్ల మీద పడుతోంది.

గాలి వెనక నుంచి కొడుతోంది.

ఎన్ని వడ్లు తూర్పారబట్టాను నేను! గోడ చాటున నిలబడి ఎవరూ చేట ఎత్తరు. గోడ దాటిన గాలి సుడి తిరిగి పొట్టును మళ్లీ మన మొఖానికే తెస్తుంది. వీడు ఆ గోడనే బండి మీద కట్టుకుని తిరుగుతున్నాడు.

"గోడ కూలగొట్టు తమ్మీ. రొమ్ముకు అడ్డముంటే సాలు. తలకు గాలి సక్కగ తగలనీ."

కొత్త అద్దం. వాడికి చేతులు రాలేదు. నేనే కొడవలి పొయ్యిలో ఎర్రగా కాల్చి, భుజాల ఎత్తుకు కోశాను. ఆ ప్లాస్టిక్ కంపు ఇంకా నా ముక్కులో ఉంది. అంచు వంకర వచ్చింది.

ఆ వంకర నా చేతిది. ఏ గుంతదీ కాదు, ఏ కల్లు సీసాదీ కాదు.

తల కొట్టుకోవడం తగ్గింది, ఇంకా కొంచెం కుదుపు మిగిలింది. దాని ఉపాయం భూమన్నదే. బోల్టుల కింద సైకిల్ ట్యూబ్ ముక్కలు మడిచి పెట్టి, అద్దం అడుగున నాలుగు వేళ్ల సందు వదిలాడు. కింద నుంచి కొంత గాలి లోపలికి వస్తే సుడికి చోటుండదన్నాడు. అట్లనే అయింది. ఆ పేరు నేను తీసుకోను, వాడిదే.

దుమ్ముకు గాగుల్స్ కొన్నాడు. మళ్లీ ఇందల్వాయి పోయాం, నేను వెనక సీట్లో.

పిల్ల తండ్రి వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భూమన్నను గాగుల్స్ తీయమన్నాను.

"మామా, కండ్లు సూడు. నోరు వాసన సూడు. వానిది సూసి నాది గూడ సూడు."

ముసలాయన ఆపుకోలేక నవ్వాడు. భూమన్న ఏ గోడా పట్టుకోకుండా నిలబడి మంచినీళ్లు అడిగాడు.

చెంబు తెచ్చింది లచ్చవ్వ.

ఇప్పుడు చెప్పండి. ఏ అద్దం కోసి వాడు తాగుబోతు కాదని చూపించామో, అదే అద్దం చూపించి వాణ్ని తాగుబోతు అంటారా?

ఆ ఫోటో తీసేయొద్దు. మంచి ఫోటో. దాని కింద ఇది పెట్టండి.

పెట్టే ముందు లచ్చవ్వకు ఫోన్‌లో అంతా చదివించి వినిపించాను. తర్వాత అడిగింది, "చెంబు సంగతి గూడ రాపిచ్చినవా వదినె?"

రాపిచ్చిన అన్నాను.

తమ్మీ, నీ పేరు సాఫ్ చేసిన. ఇగ నిమ్మలంగ పో. ఏ తొవ్వల పోయినా గాలి నీకు సక్కగ తగలాలె.

— మీ అక్క రాజవ్వ